నెట్టు అందని చోటికి చదువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. ఎక్కడో ఉచితంగానే ఉన్న చదువు మా బడికి, మా గ్రంథాలయానికి ఎందుకు రావడం లేదు, తెచ్చుకోవాలంటే ఏం చెయ్యాలి అని. వాటిలో ఏడింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది కొండ మీద ఆశ్రమ పాఠశాల. ఫోన్ సిగ్నల్ కావాలంటే అరగంట నడిచి బండ ఎక్కాలి. వికీపీడియాను నెట్టు లేకుండానే పిల్లలందరికీ చూపించవచ్చని విన్నాను. నిజమేనా? కరెంటు కూడా ఎప్పుడు పోతుందో తెలియదు. ఏమేం కొనాలి?
(ఉపాధ్యాయురాలు, పాడేరు ఏజెన్సీ)

జవాబు: నిజమే. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2007 నుంచి ఈ పని మీదే ఉంది. వికీపీడియా మొత్తాన్ని బొమ్మలతో సహా ఒకే ఫైలుగా కుదించి ఇస్తారు. దాన్ని జిమ్ ఫైలు అంటారు. పట్నం వెళ్లినప్పుడు ఒకసారి దించుకుని తెచ్చుకుంటే చాలు, ఆ తర్వాత నెట్టుతో పని లేదు.

కొత్త సామాన్లు కొనే ముందు బడిలో గాని, తెలిసినవాళ్ల ఇంట్లో గాని పక్కన పడేసిన లాప్‌టాప్ ఉందేమో చూడండి. బ్యాటరీ ఒక గంట నిలిచినా మేలే, కరెంటు పోయినప్పుడు అదే మీకు యూపీఎస్. దానికి తోడు ఒక మామూలు వైఫై రౌటర్, రౌటర్ల కోసమే అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్, ఒక లాన్ కేబుల్, 64 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. రౌటర్‌కు నెట్ కనెక్షన్ అక్కర్లేదు. ఫోన్లను, లాప్‌టాప్‌ను కలపడం వరకే దాని పని.

ఫైలు ఎంచుకునేటప్పుడు పేరు చివర ఏముందో చూడండి. మ్యాక్సీ అంటే పూర్తి వ్యాసాలు, బొమ్మలతో. నోపిక్ అంటే బొమ్మలు లేనివి. మినీలో ఒక్కో వ్యాసానికి మొదటి పేరాలే ఉంటాయి. ఇంగ్లీషు వికీపీడియా మ్యాక్సీ 100 జీబీ దాటుతుంది, బడికి అది అనవసరపు బరువు. తెలుగు వికీపీడియా మ్యాక్సీ, సులభమైన ఇంగ్లీషులో రాసిన సింపుల్ ఇంగ్లిష్ వికీపీడియా, తెలుగు విక్షనరీ అనే నిఘంటువు, కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, ఈ నాలుగూ తెచ్చుకోండి. అన్నీ కలిపి మీ పెన్‌డ్రైవ్‌లో హాయిగా సరిపోతాయి. విద్యుత్ వలయాలు, లోలకం, ఆమ్ల క్షారాలు లాంటివి పిల్లలే మీటలు జరిపి చూసుకునేలా ఉంటాయి ఫెట్‌లో. ల్యాబ్ లేని బడికి నాలుగింటిలోకీ ఎక్కువ పనికొచ్చేది అదే అని మా అభిప్రాయం. కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి.

డౌన్‌లోడ్ టొరెంట్ ద్వారా, అంటే ఫైలును ముక్కలుగా దించే పద్ధతిలో చెయ్యండి. మధ్యలో తెగిపోయినా ఆగిన చోటి నుంచే సాగుతుంది, వచ్చిన ముక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా అదే సరిచూసుకుంటుంది. బ్రౌజర్‌లో నేరుగా దించిన పెద్ద ఫైలు చివర్లో పాడై, కొండ ఎక్కాక తెరుచుకోకపోతే మళ్లీ దిగిరావాలి. ఇంకో చిక్కు పెన్‌డ్రైవ్‌ది. అది ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీకి మించిన ఫైలును తీసుకోదు. డ్రైవ్‌లో చోటు ఉన్నా ఫైలు పెద్దదంటూ కాపీ ఆగిపోతుంది. ముందే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి.

లాప్‌టాప్‌లో కివిక్స్ తెరిచి జిమ్ ఫైళ్లు చేర్చాక, మెనూలో లోకల్ సర్వర్ అనేది ఉంటుంది. దాన్ని మొదలుపెడితే తెర మీద ఒక అడ్రసు వస్తుంది: కొన్ని అంకెలు, చుక్కలు, చివర 8080 లాంటి పోర్టు నంబరు. పిల్లల ఫోన్లు గాని ట్యాబులు గాని రౌటర్ వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో అదే అడ్రసు కొడితే పుస్తకాల బీరువా తెరుచుకుంటుంది.

ఇంతా చేశాక పని చెయ్యడం లేదని ఆపేసే వాళ్లే ఎక్కువ. కారణాలు ఎప్పుడూ ఈ కొన్నే. లాప్‌టాప్‌లో పేజీ తెరుచుకుని ఫోన్లలో తెరుచుకోకపోతే, విండోస్ ఫైర్‌వాల్ అడ్డుకుంటున్నట్టు. మొదటిసారి అనుమతి అడిగినప్పుడు ప్రైవేట్, పబ్లిక్ రెండింటికీ టిక్ పెట్టాలి. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ వాడితే పరికరాలు ఒకదానికొకటి కనబడవు, మామూలు నెట్‌వర్కే వాడండి. ఆండ్రాయిడ్ ఫోన్ ఈ వైఫైకి ఇంటర్నెట్ లేదని గ్రహించి తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోతుంది. డేటా ఆపేసి, ఈ నెట్‌వర్క్‌లోనే ఉండమని చెప్పాలి. అడ్రసు ముందు హెచ్‌టీటీపీ అని టైపు చెయ్యకపోతే కొన్ని బ్రౌజర్లు చివర ఎస్ తగిలించి వెతికి, దొరకలేదంటాయి. నిన్న పనిచేసిన అడ్రసు ఇవాళ పనిచెయ్యకపోతే రౌటర్ లాప్‌టాప్‌కు కొత్త నంబరు ఇచ్చినట్టు. రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ కింద ఆ లాప్‌టాప్‌కు ఒకే నంబరు ఖాయం చేసి, దాన్ని పెద్ద అక్షరాలతో గోడ మీద రాయండి. మూత వేస్తే లాప్‌టాప్ నిద్రపోకుండా పవర్ సెట్టింగు మార్చడం మరవద్దు.

లాప్‌టాప్ దొరక్కపోతే రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు తీసుకోండి. 2 జీబీ ర్యామ్ ఉన్నది చాలు. దానికి 128 జీబీ మైక్రోఎస్‌డీ కార్డు, 5 వోల్టులు 3 యాంపియర్ల అసలు అడాప్టర్ కావాలి. ఈ అడాప్టర్ దగ్గరే చాలామంది పొదుపు చేసి దెబ్బతింటారు. ఫోన్ ఛార్జర్, సన్నటి కేబుల్ పెడితే వోల్టేజీ పడిపోయి బోర్డు మధ్యలో ఆగి మొదలవుతూ ఉంటుంది. మానిటర్ తగిలించి చూస్తే తెర మూల మెరుపు గుర్తు కనబడుతుంది. కరెంటు తటాలున పోయినప్పుడల్లా కార్డులోని ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, అన్నీ అమర్చాక కార్డుకు నకలు తీసి బీరువాలో పెట్టండి. పవర్ బ్యాంకు మీద నడపాలంటే లెక్క ఇది: 20,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో హెచ్చిస్తే 74 వాట్ అవర్లు, నష్టాలు పోను దాదాపు 60 మిగులుతాయి. బోర్డు 5 వాట్లు తాగుతుందనుకుంటే 12 గంటలు నడుస్తుంది. అయితే చాలా పవర్ బ్యాంకులు ఛార్జింగ్ వైరు పెట్టినప్పుడు, తీసినప్పుడు ఒక్క క్షణం సరఫరా ఆపుతాయి. ఆ క్షణం చాలు బోర్డు పడిపోవడానికి. అలా ఆపనిదేనా అని దుకాణంలోనే పెట్టి తీసి చూసి కొనండి. బోర్డులో ఉన్న వైఫై పదీ పన్నెండు ఫోన్లకే అలసిపోతుంది, తరగతి మొత్తానికి కావాలంటే దీనికీ రౌటర్ తగిలించాల్సిందే.

ఇక అసలు కష్టం యంత్రానిది కాదు, వెతకడానిది. పాఠ్యపుస్తకంలో 'మూత్రపిండాలు' అని చదివిన పిల్ల అదే కొడుతుంది. వ్యాసం పేరు 'మూత్రపిండము' అని ఉండవచ్చు. 'కిరణజన్య సంయోగక్రియ' రెండు మాటల మధ్య ఖాళీ ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి. తెలుగు మాటకు విభక్తి, బహువచనం చేరితే చివర మారిపోతుంది, ఈ వెతికే యంత్రానికి ఆ మార్పు తెలియదు. మాట మొదటి మూడు నాలుగు అక్షరాలే కొట్టి, కింద వచ్చే జాబితాలోంచి ఎంచుకోవడం నేర్పండి. అంతకంటే మంచిది, వచ్చే నెల పాఠాలకు పనికొచ్చే 40 వ్యాసాలు ముందే మీరు చదివి, వాటి పేర్లు ఉన్నవి ఉన్నట్టు చార్టు మీద రాసి పెట్టండి. ఈ పని తప్పనిసరి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నా, వేలకొద్దీ వ్యాసాలు జనగణన అంకెలతో నింపిన ఊళ్ల పేజీలు. సైన్సు వ్యాసాల్లో కొన్ని చాలా బాగుంటాయి, కొన్ని నాలుగు వాక్యాలతో ఆగిపోతాయి. పిల్లలు మొదటి వారంలో నాలుగుసార్లు ఖాళీ పేజీ చూశారంటే అయిదోసారి రారు.

చదువు అందని చోట జనం ఎప్పుడూ ఏదో దారి వేసుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. ఈ కాలంలో క్యూబాలో 'వారపు ప్యాకెట్' పేరుతో ఒక టెరాబైటు సమాచారం హార్డ్ డిస్కుల్లో ప్రతి వారం ఇంటింటికీ తిరుగుతుంది. మీరు కూడా ఏడాదికి రెండుసార్లు కొత్త జిమ్ ఫైళ్లు తెచ్చుకునే పని ఎవరిదో పేరు పెట్టి నిర్ణయించుకోండి.

ప్రశ్న: రౌటరూ బోర్డూ మాకు సాగవు. ఉన్నవి పిల్లల తల్లిదండ్రుల ఫోన్లే. దారి ఉందా?
(విద్యా వాలంటీరు, నారాయణపేట జిల్లా)

జవాబు: ఉంది. కివిక్స్‌కు ఆండ్రాయిడ్ యాప్ ఉంది. తెలుగు నోపిక్ ఫైలును ఒక ఫోన్‌లో దించి, ఫోన్‌కు నేరుగా తగిలే ఓటీజీ పెన్‌డ్రైవ్‌తోనో, ఫోన్ నుంచి ఫోన్‌కు ఫైళ్లు పంపే సదుపాయంతోనో మిగతావాటికి ఎక్కించండి. ఎక్కించాక యాప్‌లో ఫైలు కనబడకపోతే, యాప్ సైటు నుంచే నేరుగా దించిన కివిక్స్ కూర్పు వేసుకోండి. ప్లే స్టోర్ కూర్పుకు ఫోన్‌లోని ఫైళ్లు వెతికే అనుమతి తక్కువ. పాఠ్యపుస్తకాల క్యూఆర్ కోడ్ పాఠాలకు దీక్షా యాప్ ఉంది. నెట్టు ఉన్న చోట దించుకుంటే తర్వాత నెట్టు లేకుండా చూడవచ్చు.

ప్రశ్న: మా శాఖా గ్రంథాలయంలో 1920ల, 30ల నాటి పుస్తకాలు 300 దాకా ఉన్నాయి. చెదలు పట్టాయి, కాగితం ముట్టుకుంటే విరుగుతోంది. పెద్ద స్కానర్ కొనే స్తోమత లేదు. ఫోన్‌తో తీస్తే పనికొస్తుందా?
(గ్రంథాలయ పాలకుడు, తెనాలి ప్రాంతం)

జవాబు: పనికొస్తుంది, లెక్క చూడండి. డెమ్మీ సైజు పుస్తకం విప్పితే రెండు పేజీలూ కలిపి 11 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. అంగుళానికి 300 చుక్కల చొప్పున తీస్తే 3,300 ఇంటూ 2,550, అంటే 84 లక్షల పిక్సెళ్లు. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ చాలు. అంతకంటే తగ్గిస్తే మొదట పోయేవి ఒత్తులు.

మొదలుపెట్టే ముందు చెదలు పట్టిన వాటిని వేరు చేసి, విడివిడిగా ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి ఉంచండి. పుస్తకాల మీద చెదల మందు చల్లవద్దు, మరకలు అక్షరాలను తినేస్తాయి. తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ అయిన తెలుగు పుస్తకాలు అక్కడ చాలా ఉన్నాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఇష్టం వచ్చిన స్పెల్లింగుతో ఎక్కించారు కాబట్టి ఒకే పేరును నాలుగైదు రకాలుగా రాసి చూడాలి. దొరికిన దాంట్లో పేజీలు చిరిగినవో, తప్పినవో ఉంటే మీ ప్రతిలోంచి ఆ పేజీలు మాత్రం తీస్తే సరిపోతుంది.

ఫోన్‌ను స్టాండుకు బిగించి నేరుగా కిందికి చూసేలా పెట్టండి. రెండు పక్కల నుంచి 45 డిగ్రీల వాలులో రెండు ఎల్‌ఈడీ బల్బులు, ఒకే రంగు వెలుతురువి. ఫ్లాష్ వద్దు. పేజీ మీద 3 మిల్లీమీటర్ల గాజు పలక ఆనిస్తే కాగితం చదునవుతుంది. గాజులో ఫోన్ నీడే కనబడితే నల్ల గుడ్డకు లెన్స్ పట్టేంత రంధ్రం చేసి ఫోన్‌కు కట్టండి. పెళుసు కాగితాన్ని గాజుతో నొక్కవద్దు. పుస్తకాన్ని పూర్తిగా విప్పకుండా, వంద డిగ్రీలు తెరుచుకునే చెక్క ఊయలలో పెట్టి ముందు కుడి పేజీలన్నీ, తర్వాత ఎడమ పేజీలన్నీ తీయండి. కుట్టు దగ్గర వంగిన అక్షరాలను ఏ సాఫ్ట్‌వేరూ సరిగా చదవలేదు. ఫోకస్, వెలుతురు ఒకసారి సరిచేసి లాక్ చెయ్యండి, లేకపోతే పేజీకో రంగు వస్తుంది. ఒకరు పేజీ తిప్పుతూ, ఒకరు తీస్తూ పోతే చెయ్యి తిరిగాక 200 పేజీల గట్టి పుస్తకం అరగంట పని.

మధ్యలో పేజీ తప్పడం అందరికీ జరిగేదే. ఫారానికి, అంటే ఒకే షీటును మడిస్తే వచ్చే కట్టకు, 16 పేజీలు కాబట్టి, ప్రతి ఫారం చివర ఆగి ఫొటోల లెక్క సరిచూడండి. పుస్తకం లోపలికి పెట్టేశాక తెలిస్తే రెట్టింపు శ్రమ. స్కాన్ టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రెండు పేజీలను విడదీసి, వంకర సరిచేస్తుంది. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫైలు చిన్నదవుతుందని పూర్తి నలుపు తెలుపులోకి మార్చవద్దు, సన్నటి గీతలు మాయమవుతాయి. బూడిద రంగు ఛాయలతో ఉంచండి. అసలు ఫొటోలు రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో దాచండి.

పీడీఎఫ్‌తో పని పూర్తి కాదు, అది బొమ్మే. అక్షరాలుగా మారితేనే వెతకడానికి, వినిపించడానికి పనికొస్తుంది. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు వస్తాయి. ఫైలు పెద్దదైతే మింగలేదు, పదేసి పేజీల ముక్కలుగా ఇవ్వండి. నెట్టు లేకుండా చెయ్యాలంటే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఉంది. రెండింటికీ పాత అచ్చు కష్టమే. 'మ'ను 'వు' అని, 'వ'ను 'ప' అని చదువుతాయి. అరసున్నలు రాలిపోతాయి. అన్నింటికంటే కష్టం వలపల గిలక, అంటే 'ర్' బదులు తర్వాతి అక్షరం పక్కన పెట్టే గుర్తు. ఆ రోజుల్లో 'ధర్మము'ను 'ధమ౯ము' అని అచ్చు వేసేవారు. యంత్రం ఆ గిలకను తొమ్మిది అంకె అనుకుని 'ధమ9ము' అని ఇస్తుంది. ముందు పుస్తకమంతా ఈ తొమ్మిదులను వెతికి మార్చుకుంటే సగం పని తీరుతుంది. తర్వాత, పాత పుస్తకాలను అక్షరాల్లో ఉంచే తెలుగు వికీసోర్సులో పేజీ పక్కన పేజీ పెట్టి దిద్దవచ్చు. దిద్దని పేజీ ఎర్రగా, ఒకరు దిద్దితే పసుపుగా, రెండోవారు సరిచూస్తే ఆకుపచ్చగా కనబడుతుంది. ఇద్దరు చూడాలన్న నియమం చాదస్తం కాదు. తాను దిద్దిన పేజీలో తప్పు తన కంటికి కనబడదు.

ప్రశ్న: పై పనికి అనుమతులు కావాలా? రచయిత పోయి చాలా ఏళ్లయితే చాలా, ఎన్నేళ్లని లెక్క?
(పుస్తకాభిమాని, రాజమహేంద్రవరం)

జవాబు: మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు. గురజాడ (1915), కందుకూరి (1919) రచనలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి రచనలు 2022 జనవరి 1 నుంచి, 1962లో పోయిన త్రిపురనేని గోపీచంద్ రచనలు 2023 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. చలం 1979లో పోయారు, 2040 దాకా ఆగాలి. పుస్తకం పాతబడిందా లేదా అన్నది లెక్క కాదు, మరణించిన ఏడాదే లెక్క. ఇద్దరు కలిసి రాస్తే రెండోవారు పోయిన ఏడాది. రచయిత పోయాక మొదటిసారి అచ్చయినదైతే అచ్చు ఏడాది నుంచి 60.

ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. పాత కావ్యానికి ఈ మధ్య రాసిన వ్యాఖ్యానం, కొత్త ముందుమాట, అనువాదం, బొమ్మలు, వీటి హక్కులు వేరే వాళ్లవి. పాత ముద్రణ దొరికితే దాన్నే స్కాన్ చెయ్యండి. వికీపీడియా, వికీసోర్సులు వాడుకునే ఫైళ్ల భాండారం వికీమీడియా కామన్స్‌లో పెట్టాలంటే ఇంకో మెట్టు ఉంది. ఆ సర్వర్లు అమెరికాలో ఉన్నాయి, అక్కడి చట్టం ప్రకారం కూడా స్వేచ్ఛ ఉండాలి. 1930కి ముందు అచ్చయినవాటికి ఇబ్బంది లేదు. తర్వాతివాటికి ఇక్కడ గడువు తీరినా అక్కడ అచ్చు నుంచి 95 ఏళ్లు నిండకపోతే తొలగించే అవకాశం ఉంది.

గడువు తీరని పుస్తకాలకూ గ్రంథాలయానికి కొంత వెసులుబాటు ఉంది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్‌గా దాచుకోవచ్చని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి మూడు ప్రతుల దాకా తన వాడకానికి తీసుకోవచ్చు. దాన్ని నెట్టులో అందరికీ పెట్టడం మాత్రం ఇందులోకి రాదు. అలా పెట్టాలంటే రచయిత వారసులందరి సంతకాలతో అనుమతి పత్రం తీసుకోండి. పత్రంలో పుస్తకాల పేర్లు విడివిడిగా, ఏ లైసెన్సు కింద విడుదల చేస్తున్నారో స్పష్టంగా ఉండాలి. ఒక కొడుకు నోటి మాటతో మొదలుపెట్టి, పుస్తకం ఎక్కించాక కూతుళ్లు అభ్యంతరం చెబితే అంతా తీసెయ్యాల్సి వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి చూపు లేదు. డిగ్రీ చదువుతున్నాడు. తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు ఫోన్ చదవడం లేదు. ఒక ప్రచురణకర్త దయతో అసలు ఫైలే ఇచ్చారు, అది తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు చదువుతోంది. ఏం చెయ్యాలి?
(ఒక తల్లి, నల్లగొండ)

జవాబు: అమ్మా, రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిది స్కాన్ చేసిన బొమ్మ, పై జవాబులో చెప్పినట్టు అక్షరాలుగా మార్చాలి. రెండోది అను ఫాంటు. డీటీపీ వాళ్లు ఏళ్ల తరబడి వాడిన ఈ ఫాంట్లలో తెలుగు అక్షరం ఆకారం మాత్రమే తెలుగు. లోపల కంప్యూటర్ దాచుకునేది ఏదో ఇంగ్లీషు అక్షరం నంబరు. కంటికి ఆకారం కనబడుతుంది, వినిపించే సాఫ్ట్‌వేర్ నంబరునే చదువుతుంది. ప్రచురణకర్త తప్పేమీ లేదు, ఫైలును, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉండే యూనికోడ్‌లోకి మార్చాలి.

పేజ్‌మేకర్ అనే డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైలైతే అందులోని మాటలను ఆర్‌టీఎఫ్‌గా బయటికి తీయించి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వెయ్యండి. అను 6, అను 7 కూర్పుల నంబర్లు వేరు. తప్పు కూర్పు ఎంచుకుంటే సగం అక్షరాలు సరిగా వచ్చి, ఒత్తులు చెడతాయి. ఒక పేజీతో పరీక్షించి చూసుకుని మిగతాది మార్చండి. శీర్షికలను వర్డ్‌లో హెడింగ్ స్టైలుతో గుర్తించి ఈపబ్ అనే ఈ-పుస్తకం రూపంలో దాచితే, అబ్బాయి అధ్యాయం నుంచి అధ్యాయానికి నేరుగా వెళ్లగలడు. అది లేకపోతే 300 పేజీల పుస్తకంలో ఏడో అధ్యాయం కోసం మొదటి నుంచి వింటూ పోవాలి. తెర మీది మాటలు వినిపించే సాఫ్ట్‌వేర్లలో, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ తెలుగు చదువుతాయి.

ఇలా మార్చడం మీ హక్కు, ఎవరి దయా కాదు. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాన్ని వాళ్లు చదవగల రూపంలోకి మార్చుకోవడానికి 2012 సవరణతో మన కాపీరైట్ చట్టమే అనుమతించింది. 2013లో మొరాకోలోని మరకేష్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని మొట్టమొదట ఆమోదించిన దేశం మనదే. ఆ ఒప్పందం 2016 సెప్టెంబరు 30న అమల్లోకి వచ్చాక, ఒక దేశంలో తయారైన అలాంటి ప్రతిని ఇంకో దేశం పంచుకోవడానికీ దారి ఏర్పడింది. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో వైకల్య ధ్రువపత్రంతో సభ్యత్వం తీసుకోండి. మీరు మార్పించిన పుస్తకాన్ని దాంట్లో చేర్చే సంస్థలకు ఇస్తే ఇంకొకరికి ఈ శ్రమ తప్పుతుంది.

ప్రశ్న: ప్రైవేటు డిగ్రీ కళాశాలలో అధ్యాపకుణ్ణి. పరిశోధన పత్రం తెరవబోతే 35 డాలర్లు అడుగుతోంది. దేశమంతటికీ ఒకే చందా అన్నారు కదా, మాకెందుకు రాదు? తరగతికి పాఠ్యాంశాలు జిరాక్సు తీసి ఇవ్వవచ్చా?
(రసాయన శాస్త్ర అధ్యాపకుడు, కర్నూలు)

జవాబు: 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'ఒకే దేశం ఒకే చందా' పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు అందులో ఉన్నాయి. అయితే అది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు. ప్రైవేటు కళాశాలను బయటే ఉంచారు. అక్కడ చదివే పిల్లలూ ఈ దేశం పిల్లలే కాబట్టి, ఈ గీత చెరిపెయ్యాలనే మా అభిప్రాయం.

ఈలోగా మీ దారి ఇది. బ్రౌజర్‌కు అన్‌పేవాల్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ తగిలించండి. పత్రం ఉచిత ప్రతి ఎక్కడైనా చట్టబద్ధంగా ఉంటే పక్కన ఆకుపచ్చ తాళం కనబడుతుంది. లేకపోతే రచయితకు నేరుగా రాయండి. రెండు వాక్యాల ఉత్తరం, పత్రం పేరు, మీరు ఏ పనికి అడుగుతున్నారో, అంతే చాలు. చాలామంది పంపుతారు. మన దేశపు పీహెచ్‌డీ గ్రంథాలు చాలావరకు శోధగంగ అనే సైటులో పూర్తి పాఠంతో దొరుకుతాయి. పద్ధతులు, కొలతలు పత్రంలో కంటే అక్కడే వివరంగా ఉంటాయి. లాటిన్ అమెరికా వాళ్లు 1990ల చివర సైయెలో మొదలుపెట్టి, పాఠకుడి దగ్గర రుసుం తీసుకోని పత్రికల వ్యవస్థ కట్టుకున్నారు. అలాంటివి, అందరూ ఉచితంగా చదవగల పత్రికలను నమోదు చేసే డీఓఏజే జాబితాలో విషయాల వారీగా వెతకవచ్చు. ప్రచురణకు డబ్బు అడిగే పత్రిక ఆ జాబితాలో లేకపోతే పత్రం పంపకండి.

తరగతికి పాఠ్యాంశాల జిరాక్సుల సంగతి కూడా అడిగారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు, బోధన అవసరానికి పుస్తక భాగాలు నకలు తీసి ఇవ్వడం ఉల్లంఘన కాదంది. మీ సిలబస్‌కు కావలసిన భాగాల వరకే తీయించండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. మా ఊరి బడికి 50 ట్యాబులు పంపాలనుకుంటున్నాం. సలహా ఇవ్వండి.
(ప్రవాస దంపతులు)

జవాబు: మీ మనసు మంచిది, కాని ట్యాబులతో మొదలుపెట్టకండి. పెరూ ప్రభుత్వం పిల్లలకు లక్షల సంఖ్యలో లాప్‌టాప్‌లు పంచింది. 319 గ్రామీణ బడుల మీద జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన ఆధారం దొరకలేదు. యంత్రాలు చేరాయి, వాటితో ఏం చెప్పాలో టీచర్లకు చేరలేదు.

పంపాలంటే 50 కాదు, పది చాలు. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకదాని ముందు కూర్చుంటే మాట్లాడుకుంటూ నేర్చుకుంటారు. ట్యాబు బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసపడుతుంది, కేబుళ్లు అంతకంటే ముందే. మీ మొత్తంలో మూడోవంతు బ్యాటరీలకు, కేబుళ్లకు, మరమ్మతులకు పక్కన పెట్టండి. పక్క పట్నంలో విడిభాగాలు దొరికే మోడల్‌నే అక్కడే కొనిపించండి, బిల్లు, వారంటీ బడి పేరు మీద ఉండాలి. ఒక టీచరుకు రెండు వేసవి సెలవుల్లో శిక్షణ ఇప్పించే ఖర్చు పెట్టుకోండి. ఇంకా మిగిలితే ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి.

ఆ గ్రంథాలయానికి ఊరి డబ్బే ఎంతో రావాలి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. పంచాయతీ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. చాలాచోట్ల వసూలవుతుంది, జమ కాదు. ఊళ్లో ఉన్న మీ వాళ్లతో పంచాయతీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి. గత మూడేళ్లలో ఏ ఏడాది సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు, చలానా నంబర్లు, బకాయి ఎంత, ఈ నాలుగే అడగండి. జిల్లా సంస్థకు పెట్టే దరఖాస్తులో మీ శాఖకు ఆ మూడేళ్లలో ఎన్ని పుస్తకాలు ఇచ్చారో అడగండి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుని గ్రామసభలో చదివించండి.